ఫ్రిజ్ మీది గులాబీ కాగితం

మా ఆయన రేనో నలభై ఏళ్ళు కొలంబియా నదిలో సాల్మన్ చేపల వలలు లాగినవాడు. గుండె రెండోసారి మొరాయించాక, డాక్టరు దగ్గర కూర్చుని ఒక గులాబీరంగు కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్ళీ ఆడించకూడదని అందులో ఉంది. తనే దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అంబులెన్సువాళ్ళు ముందు చూసేది అక్కడే.

మంగళవారాలు చర్చి ఆడవాళ్ళు మా ఇంటికి కాఫీకి వస్తారు. హిల్యా క్రీము కోసం లేచి ఆ కాగితం చదివింది.

"ఏమే లెంపీ, మొగుడు ఎప్పుడు పోతాడా అని నోటీసు అంటించుకున్నావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ తల కొట్టేసినట్టయింది. నలుగురూ ఏమనుకుంటారోనన్నది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. తర్వాతి మంగళవారం వాళ్ళు వచ్చేముందే కాగితం తీసి టేబుల్‌గుడ్డల సొరుగులో పెట్టాను.

ఆ రోజే రేనో వాళ్ళకి రొట్టె కోసిపెడుతూ కుప్పకూలాడు.

అంబులెన్సులో వచ్చిన పిల్ల పేరు మారిసా. ఫ్రిజ్ వైపు చూసి నావైపు తిరిగింది.

"అమ్మా, వద్దని రాసిన కాగితం ఏమైనా ఉందా? ఉంటే చూపించండి, చెయ్యి వెయ్యను. లేకపోతే చట్టప్రకారం మొదలుపెట్టాల్సిందే."

సొరుగు నా నడుముకి ఆనుకునే ఉంది. హిల్యా నన్నే చూస్తోంది.

"లేదు," అన్నాను.

నాలుగు పక్కటెముకలు విరిగాయి. రేనో బతికాడు. ఊపిరి తీస్తే మూలుగుతూ, చెంచా నిలవని చేతులతో నెల తర్వాత ఇంటికొచ్చాడు. ఫ్రిజ్ మీద కాగితం చూశాడు. ఆస్పత్రి నుంచి బట్టలకని వచ్చినప్పుడు నేనే మళ్ళీ అంటించాను.

"ఇది కళ్ళెదుట పెట్టుకుని నన్ను కుమ్మేసిందా ఆ పిల్ల? నా ఒంటి మీద నాకు హక్కు లేదా? ఫిర్యాదు రాయి. దాని లైసెన్సు ఊడాలి."

అతను చెబుతుంటే రాశాను. తప్పు చేసినవారి పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆ పిల్ల నన్ను అడిగింది, నా మాట నమ్మింది. పేరు రాసి అతని ముందు పెట్టాను.

రేనో కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇది నీ పేరు కదే."

"నేనే సొరుగులో దాచాను. అడిగితే లేదన్నాను."

అతని మొహం మెత్తబడింది. "నేను లేకపోతే ఉండలేవనా, పిచ్చిదానా?"

అవునంటే అక్కడితో సరిపోయేది. అతను కోరుకున్నదీ అదే. కానీ ఒక్క అబద్ధానికే అతని ఎముకలు విరిగాయి.

"కాదు," అన్నాను. "హిల్యా చూస్తోందని సిగ్గేసింది."

రేనో మొహం తిప్పుకున్నాడు. ఇంత సిగ్గు నేను ఏ హిల్యా ముందూ పడలేదు. అటు తిరిగే అన్నాడు:

"ఆ కాగితం తీసి మళ్ళీ అంటించు. ఫ్రిజ్ మీద కాదు. వీధి తలుపు మీద."

మంగళవారం హిల్యా బెల్లు కొట్టేముందు దాన్ని మొత్తం చదివింది. నేను వెళ్ళి తలుపు తీశాను.