కరెంటు లారీకి కాపలా

తడిగుడ్డతో మూడో మిషను తుడిచి నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి దాసప్పకు ఎడమచెయ్యి మళ్ళీ లాగింది. గుడ్డను కుడిచేతికి మార్చుకున్నాడు. కుందారపల్లి దగ్గర హైవే పక్కన, కరెంటు లారీలకు చార్జింగు పెట్టే స్టేషను అది. కట్టి పద్నాలుగు నెలలైనా సబ్‌స్టేషను నుంచి లైను రాలేదు. రాని కరెంటుకు, రాని లారీలకు దాసప్ప కాపలా. మిషన్లను మాత్రం రోజూ తుడవాలి.

అరవై దాటిన మనిషి. గొర్రెల వెంట నడిచి నడిచి వంగిన కాళ్ళు, ఎండకు చిట్లిన పెదవులు, భుజాలు దిగజారిన నీలం యూనిఫాం చొక్కా. గొర్రెలు మేసే బీడులోనే స్టేషను లేచింది గనుక మందను అమ్మేసి, ఉన్ని వడికే కదురొక్కటి ఉంచుకుని ఇందులో చేరాడు. చేతికట్టె ఇంకొకడికి అందించేదాకా కాపరి మందను విడిచి పోకూడదని వాళ్ళ నాయన నేర్పాడు. ఇక్కడా అదే పద్ధతి. రెండింటికి రెండోపూట కాపలాదారు కదిరప్ప వచ్చి కట్టె అందుకుంటేనే ఇంటికి కదిలేవాడు. ఇంజినీర్లు నవ్వుకునేవాళ్ళు. నిజానికి ఆ స్టేషనులో నియమంగా జరిగే పని అదొక్కటే.

పొద్దున భార్య మారక్క అతన్ని పోనియ్యలేదు. రాత్రంతా అతనికి రొమ్ము నొప్పి, క్రిష్ణగిరి పెద్దాసుపత్రికి పోదామని చెయ్యి పట్టుకుంది. కదిరప్ప రాగానే వచ్చేస్తానని ఒట్టేసి వచ్చాడు.

ఆరోజు కంపెనీ దొరలు వస్తున్నారు. స్టేషను నడుస్తున్నట్టు ఫోటోలు పంపితేగాని సర్కారు సాయంలో మిగతా భాగం రాదట. అందుకని హోసూరు నుంచి ఒక కరెంటు లారీని తెచ్చారు. నడిపించి కాదు, డీజిలు ట్రైలరు మీద ఎక్కించి. మిషన్లలో దీపాలు వెలగడానికి షెడ్డు వెనక డీజిలు జనరేటరు పెట్టారు. 'పొగలేని రవాణా' అని రాసిన బ్యానరు ఆ పొగకే నల్లబడింది. పైగా పూలదండలు మరిచారు. ముందుగానే పనికి వచ్చిన కదిరప్పను ఇంజినీరు చంద్రశేఖర్ వాటికోసం హోసూరుకు తరిమాడు.

రెండైంది, మూడైంది. చెమటలు కారుతుంటే దాసప్ప ఇంజినీరు దగ్గరికి పోయాడు.

"సామీ, రొమ్ములో పట్టేసినట్టుంది. ఆస్పత్రికి పోతాను. ఎవరన్నా ఈ కట్టె పట్టుకుంటారా?"

"ఫోటో అయిపోనీప్పా. ఊరి మనిషి ఒకడు పక్కనుంటేనే అందం."

అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక కట్టె పట్టుకునే చెయ్యి లేకపోయింది. దాన్ని గోడకు ఆనించి పోయుంటే బతికేవాడేమో. ఆ బుద్ధి దాసప్పకు పుట్టలేదు.

దొరలు నాలుగున్నరకు వచ్చారు. దాసప్ప ఒక చేత కట్టె, ఒక చేత చార్జింగు గన్ను పట్టుకుని లారీ పక్కన నిలబడ్డాడు. నవ్వమన్నారు, నవ్వాడు. పదకొండు ఫోటోలు తీశాక చప్పట్లు కొట్టారు, కాఫీలు తాగారు. కార్లు వెళ్ళిపోయాయి, జనరేటరు ఆపేశారు. దాసప్ప నాలుగో మిషనుకు ఆనుకుని కూర్చున్నాడు.

ఐదింటికి కదిరప్ప దండలతో వచ్చాడు.

"బస్సు దొరక్క నిలిచిపోయినాను అన్నా. ఇట్టియ్యి కట్టె, నువ్వు పో."

దాసప్ప ఇయ్యలేదు. కదిరప్ప అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

రెండోరోజు ఫోటో పేపర్లో పడింది. లారీ నిండుగా పట్టాలని దాసప్పను భుజం దాకా కత్తిరించారు. సాయం మంజూరైంది. యూనిఫాం చొక్కాను మారక్క చేత ఉతికించి తీసుకుపోయారు. కాపలా గదిలో కిటికీ ఊచకు ఒక కదురు మాత్రం వేలాడుతూ మిగిలింది, సగం వడికిన నల్ల ఉన్నితో.