వేజీ చేతికి రాని కాన్పులు

డాక్టర్ లిండ్‌హోమ్ వచ్చి తొమ్మిది రోజులైనా మా దగ్గర పని నేర్చుకుంటున్న వేజీ, బిడ్డ తలకి తగిలించి లాగే వాక్యూం కప్పును ఒక్కసారీ చేత్తో పట్టుకోలేదు.

ఉత్తర మలావీలో మాది కొండమీది ఆసుపత్రి. కాన్పుల గదిలో పంతొమ్మిదేళ్ళుగా నర్సుని. మెడిసిన్ ఆఖరి సంవత్సరం పిల్లలు మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తారు. నేర్పే డాక్టర్లు పై దేశాల నుంచి, జీతం లేకుండా, రెండేసి వారాలకు వస్తారు. ఒకరు నేర్పింది తప్పని ఇంకొకరు దిద్దుతారు. ఎవరి ముందు ఎలా చెయ్యాలో పిల్లలు కంఠతా పట్టేశారు. నేను నేర్పగలను గానీ, పిల్లలు చేసిన కాన్పులకు నా సంతకం కాలేజీలో చెల్లదు. మా ఆసుపత్రికున్న ఒక్క డాక్టరుకీ మీటింగులతోనే సరిపోతుంది.

లిండ్‌హోమ్ మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. చిక్కంతా అదే. కాన్పు కష్టమైతే చాలు, వేజీని పక్కకు జరిపి తనే చేసేవాడు. చేస్తూ చక్కగా వివరించేవాడు. ఆ పిల్ల తలూపేది. నాకు ఒళ్ళు మండేది.

పదో రోజు న్యాగొండ్వే అనే పడుచు వచ్చింది. తొలి కాన్పు. బిడ్డ తల కిందికి దిగింది గానీ ఆమెకు ముక్కే ఓపిక లేదు. లిండ్‌హోమ్ గ్లవ్స్ అందుకున్నాడు.

“డాక్టరుగారూ, చేతులు వెనక్కి పెట్టుకోండి,” అన్నాను. “బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. వేజీ చేస్తుంది.”

“ఇది పాఠాలకు సమయం కాదు సిస్టర్.”

“వచ్చే బుధవారం మీరుండరు. ఈ పిల్లే ఉంటుంది. అప్పుడు మీరు చెప్పిన కబుర్లతో బిడ్డను లాగమంటారా?”

వేజీ బెదిరిపోయి, ఆయన్నే చెయ్యనివ్వమంది. నోరు మూసుకుని గ్లవ్స్ వేసుకోమన్నాను.

“ఎవరో ఒకరు తొందరగా తేల్చండమ్మా,” అంది మంచం మీంచి న్యాగొండ్వే.

మొదటిసారి కప్పు జారింది. లిండ్‌హోమ్ చెయ్యి ముందుకొచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నొప్పి వచ్చేదాకా ఆగమనీ, ఇంకాస్త కిందికి లాగమనీ చెప్పాడు. మూడో లాగుకి ఆడపిల్ల పుట్టి కేరుమంది. వేజీ గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత వరండాలో టీ తాగుతూ లిండ్‌హోమ్ నెమ్మదిగా అన్నాడు: “పక్కన నిలబడటం నాకు రాదు సిస్టర్. నాకెవరూ నేర్పలేదు.”

ఇవాళ వచ్చింది కదా, ఇంకో నెల ఉండమన్నాను. అక్కడ తన రోగులు ఎదురుచూస్తున్నారన్నాడు. పరీక్షకు కూర్చోవాలంటే వేజీకి డాక్టరు సంతకంతో ఇలాంటి కాన్పులు ఐదు కావాలి. ఒకదానికి సంతకం పెట్టి మంగళవారం వెళ్ళిపోయాడు.

మూడు నెలలకు తక్కువైతే ఏ డాక్టర్నీ పంపొద్దని, వాళ్ళను పంపే కాలేజీకి ఉత్తరం రాశాను. మా డాక్టరు సంతకం పెట్టలేదు. అసలు పంపడమే మానేస్తే ఏం చేస్తావన్నాడు. అయినా నా పేరు మీదే పంపాను. నెల తర్వాత బదులొచ్చింది. నా బాధ వాళ్ళకు అర్థమైందట, రాబోయే డాక్టరు మాత్రం పది రోజులే ఉండగలడట.

కాన్పులు ఐదు కాలేదని వేజీని ఈసారి పరీక్షకు కూర్చోనివ్వలేదు.

“ఇంకో ఆర్నెల్లు మీ తిట్లు తప్పవన్నమాట,” అంది.

నాకు నవ్వు రాలేదు.