నాలుగు మిల్లీమీటర్లు

ఆ ఉదయం మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే కాలరు పక్కన చిన్న ముడత ఉండిపోయింది. "చూసుకోవద్దూ? నువ్వు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?" అన్నాడు. మా ఇంట్లో నా కళ్ళకి గిరాకీ ఎక్కువ. గ్యాసు అయిపోవచ్చిందా, అత్తగారి బిళ్ళలు ఎన్ని మిగిలాయి, పాప బూటు అడుగు ఊడిందా, అన్నీ నేనే చూడాలి. చూసినదాని గురించి నోరు విప్పితే మాత్రం, "అబ్బ, మొదలెట్టింది" అంటారు అత్తగారు. పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. ఎప్పుడు మానేశానో గుర్తులేదు కానీ, చాలా విషయాలు చూసి కూడా చెప్పడం మానేశాను.

నేను ఎముకల ఆపరేషన్ థియేటర్లో నర్సును. డాక్టర్లకు పనిముట్లు అందించడం నా ఉద్యోగం. రెండేళ్ళ కిందట మోకీళ్ళు మార్చే ఆపరేషన్లకు మాకు కంప్యూటర్ వచ్చింది. మోకాలికి పైన, కింద ఉండే ఎముకల్లోకి సన్నటి పిన్నులు దించి, వాటికి మెరిసే గోళీలున్న ట్రాకర్లు బిగిస్తారు. మూలనున్న కెమెరా ఆ గోళీలను చూస్తూ, ఎముకను ఏ కోణంలో కొయ్యాలో తెర మీద చూపిస్తుంది. కంటి అంచనా కంటే అది మెరుగే, కాదనను. కాకపోతే ఆ కెమెరాకు ఎముక కనిపించదు, గోళీలే కనిపిస్తాయి. మధ్యలో పిన్ను కదిలినా దానికి తెలియదు. తప్పు అంకెను కూడా అంతే ధీమాగా, అదే పచ్చ రంగులో చూపిస్తుంది. అందుకే మొదట్లోనే ఎముక మీద ఒక గుర్తు పెట్టుకుంటాం. అనుమానం వస్తే, పాయింటర్ అనే మొనదేలిన పుల్లను ఆ గుర్తుకు ఆనించాలి; గుర్తు ఉండాల్సిన చోటికి ఎంత తేడా వచ్చిందో తెర చెబుతుంది. అర నిమిషం పని.

ఆ రోజు బల్ల మీదున్నావిడ దర్జీ. మత్తు ఇచ్చే ముందు నా చెయ్యి పట్టుకుని, "తిన్నగా పెట్టమని చెప్పమ్మా. వంకర కుట్టు చూస్తే నాకు ఒళ్ళు మంట" అంది. నవ్వి, చెబుతానన్నాను.

కొలతలన్నీ తీసుకున్నాక జూనియర్ డాక్టరు దీపం సర్దబోతూ వంగాడు. అతని మోచెయ్యి కింది ట్రాకర్‌కు తగిలింది. పెద్దగా కాదు. నేను చూశాను. అంతలోనే పెద్ద డాక్టరుగారు రంపం కోసం చెయ్యి చాచారు.

"సార్, ట్రాకర్‌కి మోచెయ్యి తగిలింది. ఒకసారి గుర్తు చూసుకుందాం."

"నాకేం తగల్లేదే" అన్నాడు జూనియర్.

"తెర మీద కోణం తేడా సున్నా చూపిస్తోంది కదా సిస్టర్" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"కదిలినా సున్నానే చూపిస్తుంది సార్."

ఆయన మత్తు డాక్టరు వైపు తిరిగారు. "మా ఆవిడా ఇంతే. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తుంది." అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ మాస్కు వెనక నా పెదవులు కూడా సాగబోయాయి. రంపం నా చేతిలోనే ఉంది. ఇచ్చేస్తే ఇప్పుడేమీ జరగదు. ఆవిడ లేస్తుంది, నడుస్తుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ కాలు ఒక పక్కకి అరుగుతుంది. అప్పుడు కంప్యూటర్‌ను ఎవరూ ఏమీ అనరు. ఒళ్ళు తగ్గించలేదంటారు, చెప్పిన వ్యాయామాలు చెయ్యలేదంటారు, ఆ వయసు ఆడవాళ్ళకి ఓపిక తక్కువంటారు. ఆవిడ కూడా నమ్ముతుంది, తన తప్పేనని.

రంపం ట్రేలో పెట్టేసి, పాయింటర్ తీసి ఆయన చేతికిచ్చాను. "గుర్తు చూశాక ఇస్తాను సార్."

ఆయన విసురుగా పాయింటర్‌ను గుర్తుకు ఆనించారు. తేడా నాలుగు మిల్లీమీటర్లు. ఒకటి దాటితే ఆపెయ్యాలని మా నియమం.

పిన్ను మళ్ళీ బిగించి, కొలతలన్నీ మొదటినుంచి తీసుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మోకీలు తిన్నగా కుదిరింది. బయట దర్జీ కొడుకుతో ఆయన, "కంప్యూటర్ కదా, వెంట్రుకవాసి తేడా ఉండదు" అనడం నా చెవిన పడింది.

థియేటర్ రిజిస్టర్లో 'తేడాలు' అన్న గడిలో జూనియర్ అప్పటికే 'లేవు' అని రాసేశాడు. దాన్ని కొట్టేసి రాశాను: 'ట్రాకర్ కదిలింది. నాలుగు మిల్లీమీటర్లు. సరిచేశాం. గమనించింది: థియేటర్ నర్సు.'

మర్నాడు పెద్ద డాక్టరుగారు పిలిచారు. "రెండు వందల కేసుల్లో ఒక్క తేడా రాలేదని వచ్చే నెల డాక్టర్ల సభలో చెప్పబోతున్నాను. పేషెంటుకేం కాలేదు. ఆ పేజీ మార్చి రాయండి. లేకపోతే థియేటర్ వదిలి డ్రెస్సింగ్ రూములో కట్లు కట్టుకోవాల్సి వస్తుంది."

ఇంట్లో చెబితే మా ఆయన, "మార్చి రాసెయ్, పోయేదేముంది? కాలు బాగానే ఉందిగా" అన్నాడు.

"నేను చెప్పబట్టి బాగుంది."

"సరేలే, ఇప్పుడు నీకు దండలెయ్యాలా?"

మర్నాడు డ్యూటీ దిగాక రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. వెనక్కి తిప్పుతూ పోయాను. రెండేళ్ళ పేజీలు. ప్రతి గడిలోనూ 'లేవు'. ఒక తేదీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ట్రాకర్‌కి గొట్టం తట్టుకుంది. నేను చూశాను. ఇంకో చోట, పిన్ను వదులుగా ఉందనిపించిన రోజు. మరోచోట, కాలు మడుస్తుంటే ఎవరిదో చెయ్యి ఆనింది. మూడుసార్లూ పచ్చ అంకె చూసి ముందుకెళ్ళిపోయారు. మూడుసార్లూ నేను నోరు మెదపకుండా రంపం అందించాను.

పేజీ మార్చలేదు. ఆ మూడు తేదీల పక్కన, ఈనాటి తేదీ వేసి, రాశాను: 'ట్రాకర్ కదిలి ఉండవచ్చు. సరిచూడలేదు. చూసి కూడా చెప్పనిది: థియేటర్ నర్సు.' కింద సంతకం పెట్టి, నకళ్ళు తీసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టి వచ్చాను.

సోమవారం నుంచి నాకు డ్రెస్సింగ్ రూములో డ్యూటీ వేశారు. ఆ మూడు తేదీల్లో ఆపరేషన్ అయిన ముగ్గురినీ మాత్రం ఎక్స్‌రేకి పిలిపించారు. మొదటి ఆవిడ గురువారం వస్తోంది. ఆ పూట సెలవు పెట్టాను. ఇప్పుడెందుకు పిలిచారని ఆవిడ అడుగుతుంది. నేనే చెబుతాను.