రెండు కిలోల రాయి కింద

వీధిలో అందరూ ఆయన్ని గ్రాములాయన అంటారు. మేకులు, తలుపు బందులు, తాళాలు అమ్మే కొట్టు ఆయనది. రోజూ షట్టరు ఎత్తగానే, మొదటి బేరం తగిలేలోపు, త్రాసు పక్కన కూర్చుని నవల రాస్తాడు. రాసిన కాగితాలను పళ్ళెంలో వేసి తూచి, "ఇవాళ పదిహేను గ్రాములు" అని చెప్పుకుంటే గానీ కుర్చీలోంచి లేవడు.

"ఖాళీ కాగితమైనా అంతే తూగుతుంది కదా బావా!" అని బావమరిది ఎన్నోసార్లు ఎత్తిపొడిచాడు.

"ఖాళీ కాగితం తూకానికి పెట్టే రకాన్ని కాదురా నేను" అనేవాడు గ్రాములాయన.

కాగితాలకు కొదవ లేదు. కంపెనీవాళ్ళు పంపిన పాత సరుకు జాబితాలు గుట్టలుగా ఉన్నాయి. ఒకవైపు అచ్చు, రెండోవైపు తెలుపు. మేకులు పొట్లం కట్టేదీ వాటితోనే, నవల రాసేదీ వాటిమీదే. రాసినవి కొనేవాళ్ళ కంటబడితే వేళాకోళం చేస్తారని, రాత కిందికి, అచ్చు పైకి వచ్చేలా తిప్పి, రెండు కిలోల రాయి కింద పెట్టేవాడు. ఆయన కొట్టులో మేకులు పావుకిలో, అరకిలో చొప్పునే పోతాయి. ఆ రాయిని కదిపే అవసరం ఏడాదిగా రాలేదు. ఇనప్పెట్టెకన్నా అదే భద్రమని ఆయన లెక్క.

ఆ రోజు మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి రాయి త్రాసులో ఉంది. దాని కింద ఉండాల్సినవి లేవు.

"ఒరేయ్, ఇక్కడి కాగితాలేవి?"

"మేకులు కట్టడానికి వాడాను బావా. వడ్రంగి మేస్త్రి వచ్చి ఒకేసారి రెండు కిలోలు అడిగాడు. ఎన్నాళ్ళకు తగిలింది బేరం!"

గ్రాములాయన లెక్క చూసుకున్నాడు. పోయినవి పదకొండు కాగితాలు, నవలలో ఆఖరి అధ్యాయం. తొలి నవల పోటీకి ఆ సాయంత్రం ఐదింటికల్లా ప్రచురణవాళ్ళ ఆఫీసులో ఇచ్చేయాలి. పోటీ యాభై ఏళ్ళు నిండనివాళ్ళకే. వచ్చే నెల ఆయనకు యాభై నిండుతాయి. ఈ పోటీ తప్పితే ఇంకో పోటీ లేదు.

"కొంప ముంచావు కదరా!"

"అచ్చు పైకుంటే పాత జాబితాలనుకున్నా బావా. రాత పైకి పెట్టుంటే చూసేవాణ్ణిగా!"

గ్రాములాయన మిగతా అధ్యాయాలున్న సంచీ భుజాన వేసుకుని స్కూటరెక్కాడు. అప్పటికి మూడైంది.

మేస్త్రి పని చేస్తున్నది రెండు వీధుల అవతల, కొత్తగా కడుతున్న ఇంట్లో. అక్కడ రంపపు పొట్టు మధ్య మేస్త్రి భార్య, చెక్క నునుపు చేసే గరుకు కాగితం పక్కన పడేసి, గోడకు చేరగిలబడి చదువుకుంటోంది. ఆమె ఒళ్ళో తన రాత కనబడగానే గ్రాములాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మీరేనా రాసింది షావుకారు గారూ? పొట్లాలు విప్పుతుంటే దొరికాయి. వరసగా పేర్చుకున్నా. ఏడోది మాత్రం లేదు."

"నేను వాడాను" అన్నాడు మేస్త్రి తల గోక్కుంటూ. "బల్లకు జిగురు అంటకుండా, అతికిన చెక్కపలక కింద పరిచా. మీద బిగింపులు వేసేశా. రేపు పొద్దుటిదాకా విప్పడానికి లేదు."

"పోనీలే, అది నాకు కంఠతా వచ్చు. మీ దగ్గర తెల్ల కాగితాలేమైనా ఉన్నాయా?"

పొట్లాల్లో రాయని జాబితాలు రెండు దొరికాయి. ఆఫీసు అరగంట దూరం. నాలుగున్నరకల్లా కదలాలి. ఇంకో పలక మీద కాగితం పెట్టుకుని కూర్చుంటే కలం మొరాయించింది. మేస్త్రి చెవిలో పెన్సిలు తీసిచ్చాడు.

"ఒకటి అడగనా?" అంది మేస్త్రి భార్య. "మీ కథలో ఆ పిల్లను మొగుడు గదిలో పెట్టి బయట గడియ వేశాడు, సరే. పదిహేను రోజులు అలా కూర్చుందేమండీ?"

"తలుపు వేసుంటే ఏం చేస్తుందమ్మా? ఆఖర్న అతనే బుద్ధి తెచ్చుకుని, తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. చదివావుగా!"

"తోసుకుని లోపలికా?" మేస్త్రి రంపం ఆపాడు. "అంటే తలుపు లోపలికి తెరుచుకుంటుంది. మరి బందులెటుంటాయి షావుకారు గారూ?"

గ్రాములాయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది. లోపలే ఉంటాయి, ఆ పిల్ల చేతికి అందేటట్టు. ఇరవై రెండేళ్ళుగా బందులు అమ్ముతూ, వాటిని కలిపే చీలలు పీకితే ఊడొచ్చే తలుపు వెనక మనిషిని పదిహేను రోజులు ఏడిపించాడు. తల తీసేసినట్టయింది.

టైము చూశాడు. మూడూ నలభై. ఉన్నది ఉన్నట్టు రాసిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆఫీసువాళ్ళు పుస్తకాల మనుషులు. బందులు ఎటుంటాయో పట్టించుకోరు. కానీ ఈ చేత్తో ఏనాడూ తెలిసి తెలిసి తుప్పు మేకు పొట్లంలో కలపలేదు. ఇప్పుడు కలపడమా?

మారిస్తే మొగుడు వచ్చి కాళ్ళు పట్టుకునే ఆఖరి నాలుగు కాగితాలూ దండగే. అవి రాస్తూ కొట్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై గ్రాములు, నవల మొత్తంలో ఆయనకు అంత ఇష్టమైన సరుకు మరొకటి లేదు.

"గదిలో ఏముంది?" అంది మేస్త్రి భార్య, జడ్జీలా నడుం మీద చేతులు పెట్టుకుని.

"భోజనం పళ్ళెం, గ్లాసు, చెంచా."

"ఇంకేం? చెంచా కాడ చీల తల కింద పెట్టి గ్లాసుతో కొట్టమనండి."

"మొదట కింది చీల" అన్నాడు మేస్త్రి. "పైది ముందు తీస్తే తలుపు మీద పడుద్ది."

గ్రాములాయన రాశాడు. చెమట కాగితం మీద పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ రాశాడు. కింది చీల కదిలింది. పైది మొండికేసింది. మెట్ల మీద మొగుడి అడుగులు వినబడ్డాయి. మేస్త్రి భార్య భుజం మీదుగా చదువుతూ "ఊఁ, తర్వాత?" అని తప్ప మాట్లాడలేదు. తలుపు ఒక పక్క నుంచి లోపలికి వాలేసరికి రెండో కాగితం అడుగుకు వచ్చింది. నాలుగూ ముప్పై నాలుగు.

"ఇవండీ?" అని ఆమె ఆఖరి నాలుగూ అందించింది.

ఆయన చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "మేకులు కట్టుకోండమ్మా."

ముందరి ఆరు కాగితాలూ, కొత్త రెండూ సంచీలో పడేసి, స్కూటరును పరుగెత్తించాడు. ఆఫీసు మెట్లెక్కేసరికి ఐదుకు నాలుగు నిమిషాలుంది. గుమాస్తా కట్ట విప్పి, కాగితాలు తిప్పి, "ఇదేంటి, చివర పెన్సిల్‌తో ఉంది? ఒకసారి ఇచ్చాక మార్చడం కుదరదు, చూసుకోండి" అన్నాడు.

"చూసుకునే తెచ్చానండీ" అన్నాడు గ్రాములాయన. గుమాస్తా ముద్ర కొట్టేదాకా బల్ల అంచు వదల్లేదు.

తిరిగొచ్చేసరికి బావమరిది రెండు కిలోల రాయిని ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చావా బావా?"

"ఇచ్చాను. ఆ రాయిని త్రాసు దగ్గరే ఉంచు. బేరానికి పనికొస్తుంది."

"మరి నీ కాగితాలు?"

"రేపటి నుంచి రాత పైకి పెడతా. చదివేవాళ్ళను చదవనీ."