ముప్పయ్యారు దగ్గర ఆగిన గీత

కస్టమ్స్ ఆఫీసులో సుంకం తేల్చే అధికారికి ఏజెంట్లు పెట్టుకున్న పేరు భూతద్దం. ఆయన ఎదురుగా కూర్చుంటే తల పండిన ఏజెంటైనా నీళ్లు నమలాల్సిందే. ఆ రోజు ఆయన బల్ల మీద సీలు వేసిన కవరు ఒకటి ఉంది. అందులో ఉన్నది విదేశం నుంచి వచ్చిన సరుకు తాలూకు నమూనా, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. మందుల పెట్టెలో పడేస్తే చాలు, దారి పొడుగునా వేడి ఎంత ఉందో తనంతట తానే రాసుకుంటుంది.

గొడవంతా ఒక్క ముక్క దగ్గరే. అది ఉత్తినే రాసుకునే రకమైతే సుంకం తక్కువ. వేడి పెరగ్గానే చల్లబరిచే యంత్రాన్ని నడిపించే రకమైతే పద్దు మారుతుంది, సుంకం పెరుగుతుంది. రాసుకునే రకమేనని, ఆ సరుకు విడిపించడానికి వచ్చి ఎదురుగా కూర్చున్న ఏజెంటు మామయ్య సరిగ్గా చూడకుండానే ముందుగా రాసిచ్చేశాడు. అది తప్పని తేలితే ఆయన లైసెన్సు ఊడుతుంది.

ఆయన పక్కన కూర్చున్న మేనకోడలికి తండ్రి లేడు. చదివించింది మామయ్యే, పని నేర్పిందీ ఆయనే. కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆమెకు ఈమధ్యే సొంత కార్డు వస్తే, ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

భూతద్దం కవరు చించి డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఆమె తిప్పి చూసి హమ్మయ్య అనుకుంది.

"చూడండి సార్, యంత్రానికి వైరు తగిలించే చోటే లేదు. ఇది రాసుకోవడం తప్ప ఇంకేం చెయ్యదు," అంటూ డబ్బాను కంప్యూటరుకు తగిలించింది.

కొత్త డబ్బా కదా, తెర ఖాళీగా ఉండాలి. కానీ గీత వచ్చింది. పొద్దున మొదలై ముప్పయ్యారు డిగ్రీల దగ్గర తిన్నగా సాగి, ఇందాకే కిందికి దిగింది.

ఆమెకు విషయం అర్థమైంది. పొద్దున మామయ్య పాత సరుకులోని డబ్బా ఒకటి తీసి, మీట నొక్కి చూసి, దీపం ఆరగానే "ఆగిపోయింది" అంటూ చొక్కా జేబులో వేసుకోవడం ఆమె కళ్లారా చూసింది. కాగితాల్లో పులే గానీ కరెంటు వస్తువుల్లో పిల్లి. దీపం ఆరుతుంది, రాత ఆగదు. నిన్న గోదాములో సీలు వేసిన కవరు ఆఫీసుకు తెచ్చింది ఆయనే. సీలు చెదరకుండా కవరు విప్పి, అసలు డబ్బా తీసి ఇది పెట్టడం ఆయనకు చిటికెలో పని. ఆమెకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"సీలు వేసిన కవర్లో ఉన్నదానికి ఒంటి వేడి ఎక్కడిదమ్మా?" అన్నాడు భూతద్దం.

"పొద్దుట్నుంచీ కవరు నా గుప్పిట్లోనే ఉంది సార్. మీట నొక్కుకుపోయి ఉంటుంది."

"అమ్మాయ్..." అన్నాడు మామయ్య.

"అయితే వైరు తియ్యకుండా ఇప్పుడు పట్టుకోండి, చూద్దాం," అన్నాడు భూతద్దం.

ఆమె రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ముగ్గురూ తెర వంకే చూస్తున్నారు. గీత పాక్కుంటూ ఇరవై ఎనిమిది దాకా వచ్చి ఆగిపోయింది. భయంతో ఆమె చేతులు మంచుగడ్డలై ఉన్నాయి. అరచేతులు రుద్దుకుని మళ్లీ పట్టుకుంది. గీత కదల్లేదు.

"చేతులు చల్లబడ్డాయేమో, సరే," అంటూ భూతద్దం తెల్లకాగితం, కలం ముందుకు జరిపాడు. "చెప్పిందే రాసివ్వండి. అబద్ధమని తేలితే మాత్రం పోయేది మీ కార్డే."

ఆమె డబ్బా బల్ల మీద పెట్టి కలం అందుకుంది. మొదటి అక్షరం పడకముందే మామయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఉండు తల్లీ. ఇక చాల్లే."

డబ్బా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పైన చెయ్యి అదిమి పెట్టుకున్నాడు. కంప్యూటరు వైరు ఆయన గుండె మీద వేలాడుతోంది. ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి. ముప్పై నాలుగు. గీత తాపీగా ఎక్కి ముప్పయ్యారు దగ్గర నిలబడింది, పొద్దున ఉన్నట్టే.

భూతద్దం కళ్లజోడు తీశాడు. "అసలుదెక్కడ?"

"స్కూటరు డిక్కీలో ఉంది సార్. దానికి యంత్రం వైరు తగిలించే చోటుంది. ఈ పిల్లకేం తెలీదు, నన్ను కాపాడాలని నోటికొచ్చింది చెప్పింది."

"మామయ్యా, వద్దు," అంది ఆమె. కలం వదల్లేదు.

ఆయన ఒక్కొక్క వేలూ విడదీసి కలం తీసుకున్నాడు.

"చేతులింత చల్లగా ఉన్నాయేంటే, పిచ్చిదానా," అన్నాడు. జేబులోంచి వైరు తియ్యడం కూడా మరిచిపోయి, అలాగే ముందుకు వంగి కాగితం మీద తన పేరు రాశాడు.