అక్కకి చదివి వినిపించని వాక్యం

మందు పెట్టె మీది అక్షరాలు ఆవగింజలో సగం కూడా లేవు. అతను ఎడమ కన్ను మూసి, కుడి కంటి ముందు భూతద్దం పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. కౌంటరుకి అవతల బస్సు డ్రైవరు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతున్నాడు.

"అన్నా, కళ్ల ఎరుపు పోయే చుక్కలు అడిగాను. పరీక్షకి చదువుతున్నావేంటి?"

"ఉండవయ్యా. కంట్లో వేసుకునేది నువ్వా, నేనా? ఇది కంట్లో రక్తనాళాల్ని బిగించేస్తుంది. ఎరుపు పోతుంది. మానేశావనుకో, ముందుకంటే ఎక్కువగా వచ్చినా వస్తుంది. ఎన్నాళ్లుగా వేస్తున్నావు?"

"రెండు నెలలు."

"బాగానే ఉంది సంబడం! ముందు డాక్టరుకి చూపించు."

డ్రైవరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. లోపల ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. ఇది ముప్ఫై ఒక్క ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారమే.

మందుల షాపులో అతని పేరు ఎవరికీ అక్కర్లేదు. వీధి వీధంతా భూతద్దం అనే పిలుస్తుంది. ఆ భూతద్దం పిడికి ఎర్ర దారం, దారం రెండో కొస కౌంటరు మేకుకి. ఎవరో ఎత్తుకుపోతారని కాదు, ఇతగాడే మరిచిపోయి జేబులో వేసుకుని ఇంటికి పోతాడని ఓనరు కట్టించాడు. సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. కంటి మందు ఏ సీసా ఇచ్చినా దాని మీద ప్లాస్టరు ముక్క అతికించి, 'తెరిచిన తేదీ' అని రాసి, పక్కన ఖాళీ వదిలి ఇస్తాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "నా పెట్టె మీద రాసింది చదివాక ఎవరొస్తారండీ?" అంటాడు.

ఇవాళ మాత్రం అతనికి నవ్వులాట మీద ధ్యాస లేదు. పొద్దుటి నుంచీ అక్క కళ్లే బుర్ర తొలిచేస్తున్నాయి.

అక్క దర్జీ. మిషను తొక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. పనిలో పడితే రెప్ప వెయ్యడం కూడా మరిచిపోతుంది. కళ్లు ఎండిపోయి, ఇసుక పోసినట్టు ఉంటోందని రోజుకి పదిసార్లు సీసా మందు వేసుకునేది. ఆ మందు పాడవకుండా అందులో బెంజాల్కోనియం క్లోరైడ్ అనేదేదో కలుపుతారు. రోజుకి రెండు మూడుసార్లయితే చాలామందికి ఏమీ కాదు. పదేసిసార్లు వేస్తే అదే కంటిని మండించవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజునే అతను సీసా మాన్పించి, ఒక్కసారికి ఒక్కటి చొప్పున వాడే బుల్లి ప్లాస్టిక్ గొట్టాల పెట్టె తెచ్చిపెట్టాడు. వాటిలో ఆ కలిపేది ఉండదు.

మూడు వారాలు అక్క హాయిగా ఉంది. ఇప్పుడేమో పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతున్నాయి, కుడి కన్ను చింతనిప్పులా ఉంది. ఎందుకు? పెట్టె మీద వెతికితే నీళ్లు, ఉప్పు, కాస్త జిగురు, అంతే. వీటిలో కొంప ముంచిందెవరు?

మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి వెళ్లాడు. ముందు గదే ఆమె కుట్టు గది. కిటికీ పక్కన మిషను, గోడకి టేపు, మూలన గుడ్డముక్కల మూట. ఆ మూటలోంచి గుండీలకి తొడుగులు పుడతాయి, దిండ్లకి అంచులు పుడతాయి. ఆ ఇంట్లో జానెడు గుడ్డ వృథా అయిన పాపాన పోలేదు.

చేతులు తుడుచుకుంటూ అతను గుండుసూదుల దిండు వైపు చూశాడు. చూసి, అక్కడే ఆగిపోయాడు. సూదుల మధ్య మూడు ప్లాస్టిక్ గొట్టాలు ఒరిగి ఉన్నాయి. ఒక్కొక్కదాని మూతికీ ఒక గుండుసూది గుచ్చి ఉంది.

"ఇవేంటక్కా?"

"నీ మందేరా. రెండు కళ్లలో వేసినా సగం మిగిలిపోతోంది. విరిచిన మూత మళ్లీ పట్టదాయె. సూది గుచ్చితే కారదు. మర్నాటికి పనికొస్తుంది."

"మర్నాటికా?"

"ఒక్కోసారి మూడోనాటికి కూడా. గుడ్డముక్కే పారెయ్యను, మందు పారేస్తానా?"

అతను మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కా, అందులో పాడవకుండా కలిపేది లేదు. అందుకే కంటికి మంచిది. అందుకే తెరిచాక ఉంచకూడదు. క్రిములు చేరితే అడ్డుకునేదేదీ లేదు. 'తెరిచిన వెంటనే వాడి, మిగిలింది పారవేయండి' అని పెట్టె మీదే ఉంది."

"నువ్వు చెప్పలేదే!"

చెప్పలేదు. ఊళ్లో వాళ్లందరినీ నిలబెట్టి చదివి వినిపించే మనిషి, మనింటి మనిషే కదా అని, ఆ రోజు పెట్టె చేతిలో పెట్టి హడావిడిగా వెళ్లిపోయాడు.

"తప్పు నాదేనక్కా," అన్నాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఊరుకోరా, దద్దమ్మా! కన్ను నాదైతే ఏడుపు నీదా?" అని ఆమె గొట్టాలు మూడూ పీకి చెత్తబుట్టలో పడేసింది. పడేసేటప్పుడు మొహం చూడాలి, సొంత నగలు పారేస్తున్నట్టుంది.

అతను చేతులు మళ్లీ కడుక్కున్నాడు. కొత్త గొట్టం మూత విరిచి, అక్క తల వెనక్కి వాల్చి, రెండు కళ్లలో చుక్కలు వేశాడు. మిగిలింది మిషను బల్ల మీద పెట్టాడు.

"పారెయ్యి."

"నువ్వెళ్లు. నీ ముందు చెయ్యి రాదు."

"డాక్టరు ఐదింటికొస్తాడు. తయారుగా ఉండు. వచ్చి తీసుకెళ్తా."

షాపుకి తిరిగొచ్చి అతను కాగితాలు కత్తిరించాడు. 'తెరిచాక మిగిలింది దాచకండి' అని పెద్ద అక్షరాలతో రాసి, గొట్టాల పెట్టెలన్నిటికీ ఒక్కొక్కటే అతికించాడు. ఆఖరి పెట్టె అయ్యాక స్టూలు మీద కూర్చుని, బీరువాకి తల ఆనించాడు. చేతిలో భూతద్దం ఉండడంతో ఏదో చదువుతున్నాడనే ఓనరు అనుకున్నాడు. నాలుగున్నరకి పిలిచాడు. రెండోసారి పిలిచి, దగ్గరికొచ్చి భుజం తట్టాడు. భూతద్దం చేతిలోంచి జారి ఎర్ర దారానికి వేలాడింది, అతను మాత్రం లేవలేదు.

ఐదింటికి అక్క చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. వచ్చింది ఓనరు.

నాలుగో రోజున ఆమె ఒక్కతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. సరైన సమయానికి వచ్చావమ్మా, చూపుకేం ఢోకా లేదన్నాడాయన. నయమయ్యాక మళ్లీ గొట్టాలే వాడుతోంది. విరుస్తుంది, వేసుకుంటుంది, మిగిలిన సగం చెత్తబుట్టలో పడేస్తుంది. ఇప్పుడు చెయ్యి వెనకాడదు.

ఒక్కటి మాత్రం పారెయ్యలేకపోయింది. మిషను బల్ల మీద, అతను పెట్టిన చోటే, మూతా సూదీ లేని ఒక గొట్టం ఉంది. అందులోని సగం మందు ఏనాడో ఆరిపోయింది.