కాళ్లు కడిగే ఆదివారం

మాచర్లలో ఆ సంఘానికి అప్పటికింకా గుడి లేదు. ఊరి చివర నాపరాళ్ల గనులకు పోయే దారిలో ఒక పొడుగాటి తాటాకు పాక, కింద పరిచిన నాపరాళ్లు, ముందో బల్ల, అంతే. నాగార్జునసాగర్ పనులకని కృష్ణ అవతల దేవరకొండ వైపు నుంచి వచ్చిన మెన్నొనైటు క్రైస్తవ కుటుంబాలు ఓ పాతిక దాకా అక్కడ కూడుకునేవి. మిగతా సంఘాలవాళ్లు వీళ్లను "కాళ్లు కడుక్కునేవాళ్లు" అని ఎగతాళి చేసేవాళ్లు. చేస్తే చేశారు. నెలకో ఆదివారం, ప్రభువు బల్ల రొట్టె తీసుకునే ముందు, ఒకరి కాళ్లు ఒకరు కడగడం వీళ్లకు పెద్దల నాటి పద్ధతి. పాక మధ్యలో తాడు కట్టి దుప్పటి తెర దించేవాళ్లు. తెరకు ఇటు ఆడవాళ్లు ఆడవాళ్లకు, అటు మగవాళ్లు మగవాళ్లకు కడిగేవాళ్లు. ఎవరితోనైనా పొరపొచ్చం ఉంటే అది తీరేదాకా రొట్టె ముట్టకూడదన్నది ఇంకో పద్ధతి.

వీళ్లకో గొప్ప కూడా ఉండేది. మావాళ్లు చెయ్యెత్తరు అని. పటాలంలో చేరరు, కోర్టుకెక్కరు, కొట్టినవాణ్ని తిరిగి కొట్టరు. ఆ గొప్పను నలుగురిలో అందరికంటే గట్టిగా చెప్పుకునే మనిషి ఆదెమ్మ.

ఆదెమ్మ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. మొగుడు చనిపోయిన నాటి నుంచి, ఇంటింటా వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగింది. ఎండకు కమిలిన మొహం, ఇస్త్రీ లేకపోయినా మడత చెడని తెల్లచీర. ఆమె నోటికి గురజాల దాకా పేరుంది. పందొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో, ఆ ఆదివారం, ఆమె పొద్దున్నే లేచి పాకంతా తనే కడిగింది. కడగదా మరి! ఒక్కగానొక్క కొడుకు దేవదాసును ఆవేళ సంఘ పరిచారకుడిగా నిలబెడుతున్నారు.

దేవదాసు ప్రాజెక్టు దగ్గర రాయి చెక్కేవాడు. పోయినేడు మేస్త్రీ ఒకడు వందమంది చూస్తుండగా వాడి చెంప పగలగొట్టాడు. దేవదాసు చెయ్యి ఎద్దును పడగొట్టే చెయ్యి. అలాంటివాడు సుత్తి కింద పెట్టి, రెండో చెంప చూపించాడు. మేస్త్రీ తల దించుకుని వెళ్లిపోయాడట. ఆ కథ ప్రతి కూడికలోనూ చెప్పుకున్నారు. బయట వాడు మింగిన దెబ్బ ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. మింగింది అరగాలిగా!

ఒక్క మనిషికి తెలుసు. వాడి భార్య లీలావతికి. నిజానికి ఇంకొకరికి కూడా తెలుసు, కాకపోతే ఆమె తెలియనట్టు సర్దుకుంది. మూడు నెలల కిందట లీలావతి చిట్లిన పెదవితో లారీ పట్టుకుని అత్త ఇంటికొచ్చింది. ఆదెమ్మ ఉప్పునీళ్ల కాపడం పెట్టింది, పక్కన మోకరించి ప్రార్థన చేసింది. ఆ తర్వాత, "ఓర్చుకోవే అమ్మాయ్, నీ ఓర్పే వాణ్ని మార్చిద్ది. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడిద్ది" అని చెప్పి, మర్నాడు తనే వెంటబెట్టుకుపోయి ప్రాజెక్టు గుడిసెలో దించి వచ్చింది. వచ్చాక ఆ సంగతి మళ్లీ తలుచుకోలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆవేళ కొడుకూ కోడలూ ఆలస్యంగా వచ్చారు. దేవదాసు తెల్లచొక్కా వేసుకుని నేరుగా మగవాళ్లవైపు పోయాడు. లీలావతి వెనక వరసలో, గోడవారగా, చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుని కూర్చుంది. పాట అయింది, పాస్టరు కృపావరంగారి ప్రార్థన అయింది, తెర దిగింది.

సమాజంలో ఎవరు ఎవరికి కడగాలో ఆదెమ్మే చెప్పేది. తువ్వాలు నడుముకు చుట్టుకుని, బేసిన్ చేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా కోడలి దగ్గరికి నడిచింది. అందులో ప్రేమ ఎంతో, నలుగురూ చూడాలన్న ముచ్చట కూడా అంతే.

"నాకొద్దత్తా," అంది లీలావతి గబుక్కున. "దయామణక్క కడిగిద్దిలే."

"ఏందే నీ సిగ్గు? ఈయాళ నీ మొగుడు పరిచారకుడు. కాళ్లు ఇటు పెట్టు."

లీలావతి కుడికాలు పెట్టింది. ఆదెమ్మ కడిగింది. ఎడమకాలు రాలేదు. ఆదెమ్మ నవ్వుతూ తనే కుచ్చిళ్లు పక్కకు తప్పించి మడమ పట్టుకుంది. పట్టుకున్న చేతికి చర్మం గరుకుగా తగిలింది. వంగి చూసింది. చీలమండ చుట్టూ కడియంలా తాడు ఒరిపిడి, ఒకచోట పక్కు కట్టింది, ఒకచోట ఇంకా పచ్చిగా ఉంది.

"ఇదేందే?"

లీలావతి తెరవైపు చూసింది. తెరకు అటు దేవదాసు అప్పుడే సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వాడి గొంతు ఖంగుమంటోంది. మేస్త్రీ కొట్టాడు, నేను రెండో చెంప చూపాను, ప్రభువు నా చెయ్యి పట్టుకుని ఆపాడు, అంటున్నాడు.

"లీలా, నిన్నే. ఇదేందంటున్నా."

"నులకతాడు," అంది లీలావతి, పెదవులు కదిలీ కదలకుండా. "పనికి పోయేటప్పుడు మంచం కోడుకు కట్టి పోతాడు. మళ్లీ నీ దగ్గరికి పరిగెత్తుకొస్తానని."

ఆదెమ్మ కాలు వదల్లేదు. నీ దగ్గరికి అంది పిల్ల. పారిపోతే తన దగ్గరికే వచ్చేది, తనేమో మళ్లీ తీసుకుపోయి అప్పగించి వచ్చేది. ఆ తాడు వాడు కట్టాడు సరే, ముడి బిగించింది తను కాదూ? ముప్పయ్యేళ్లు తను చెప్పిన వాక్యం ఇదేనా?

అటు కృపావరంగారు, "ఇక సోదరుడు దేవదాసు మీద చేతులుంచి..." అంటున్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటే కొడుకు పరిచారకుడవుతాడు, తల్లి గౌరవం నిలబడుతుంది, మధ్యాహ్నం లారీలో పిల్ల మంచం కోడు దగ్గరికి పోతుంది. రేపెప్పుడో దాని శవమే వస్తే, అప్పుడూ తనే ప్రార్థన చేయాలి.

ఆదెమ్మ లేచింది. బేసిన్ రెండు చేతుల్తో ఎత్తుకుని, భుజంతో తెర తోసుకుని మగవాళ్లవైపు నడిచింది. ఆ పాకలో అలా ఎవరూ ఎన్నడూ చేయలేదు. చేతులెత్తిన పాస్టరు ఎత్తినట్టే ఉండిపోయారు. ఆమె బేసిన్ తీసుకుపోయి కొడుకు ముందు పెట్టింది.

"ఒరేయ్ దేవదాసూ, నీ భార్య ఎడమకాలు కడగలేదు ఇంకా. నువ్వొచ్చి కడుగు."

వాడి మొహంలో రంగు మారింది. "ఏందమ్మా ఇది? అందరి ముందూ..."

"అందరి ముందే. నువ్వు కట్టిన తాడు కాడ కడుగు. నులకతాడుతో కోడుకు కట్టేసి పోతున్నావంటగా. కడిగి, అప్పుడు చెప్పు నీ సాక్ష్యం."

కృపావరంగారు నెమ్మదిగా, "ఆదెమ్మగారూ, ఇంటి సంగతి ఇంట్లో..." అని మొదలుపెట్టారు.

"ఇంట్లోనే సర్ది పంపానయ్యగారూ మూడు నెలల కిందట. నా సర్దుబాటు ఆ పిల్ల కాలి మీద ఉంది, వచ్చి చూడండి."

పాస్టరు ఎత్తిన చేతులు దించారు. దేవదాసు వైపు తిరిగి, "నిజమేనా?" అని మాత్రం అడిగారు.

"ఆడదాని కాళ్లు నేను కడగాల్నా?" అన్నాడు దేవదాసు. అని, బేసిన్‌ను కాలితో తన్నాడు. అది ఖణేలుమని బోర్లపడింది, నీళ్లు నాపరాళ్ల మీద తెర కిందుగా ఆడవాళ్లవైపు పారాయి. మేస్త్రీ ముందు లేవని కోపం గురించి అందరూ వినే ఉన్నారు గానీ, లేస్తే ఎలా ఉంటుందో ఆ పాకలోవాళ్లు అప్పుడే చూశారు. వాడు తెర పీకి అవతల పడేశాడు. "లీలా! లెగు. పోదాం పద."

లీలావతి లేవబోయింది. అలవాటు అలాంటిది. పిలిస్తే కాలు దానంతటదే కదులుతుంది.

బడిపంతులమ్మ దయామణి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తను లీలావతికి ముందు, తడి రాళ్ల మీదే, కూలబడింది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. వెనక వరసల్లోంచి ముసలమ్మలూ, చంకలో బిడ్డలున్నవాళ్లూ వచ్చి ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. చూస్తుండగానే లీలావతి గోడకూ, ఇరవైమంది ఆడవాళ్లకూ మధ్య ఉంది. ఆదెమ్మ వెళ్లి అందరికంటే ముందు, కొడుకు కాళ్ల దగ్గర కూర్చుంది.

"మేమెవరం నీ మీద చెయ్యెయ్యంరా. అది మా పద్ధతి కాదు," అంది. "దాన్ని తీసకపోవాలంటే మా మీదగా తొక్కుకుంటా పో. మొదలు నన్ను తొక్కు."

దేవదాసు చెయ్యి లేచింది. ఆదెమ్మ కళ్లు మూసుకోలేదు. కన్నబిడ్డ చెయ్యి తన మీద పడితే ఇక బతకనని ఆమెకు తెలుసు, పడకపోయినా ఆ బిడ్డ తనకిక మునుపటి బిడ్డ కాడనీ తెలుసు. మగవాళ్లలో ఒక్కొక్కరే లేచి వచ్చి, ఆడవాళ్ల పక్కన నేల మీద కూర్చున్నారు. చివరికి కృపావరంగారు కూడా, ధోవతి తడుస్తున్నా చూసుకోకుండా.

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో దేవదాసుకు తెలియలేదు. దాన్ని తెల్లచొక్కాకు తుడుచుకున్నాడు. "నాకు తల్లి లేదు," అని బయటికి నడిచాడు. గనుల దారిలో వాడి చెప్పుల చప్పుడు వినిపించినంతసేపు ఆదెమ్మ ఏడవలేదు. తర్వాత ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా.

బల్ల ఆపాలా అని పాస్టరు అడిగితే, వద్దు అన్నారు ఆడవాళ్లు. రొట్టె పళ్లెం వరసగా వచ్చింది. ఆదెమ్మ చేతికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. పళ్లెం చేత్తో పట్టుకుని కోడలి వైపు తిరిగింది.

"లీలా, నీకూ నాకూ మధ్య పొరపొచ్చం ఉంది. నిన్ను నేనే తోలుకుపోయి దించాను. ఇకనుంచి నువ్వు నా ఇంట్లోనే ఉంటావు, వాడొచ్చినా సమాజమంతా వచ్చి వాకిట్లో కూర్చుంటాం. అది వేరే. నన్ను క్షమిస్తావా, అని అడుగుతున్నా."

అందరూ లీలావతి వైపు చూశారు. ఇలాంటి చోట ఏమనాలో ఆ సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు. లీలావతి తన చీలమండ వైపు చూసుకుంది.

"ఇప్పుడే కాదత్తా," అంది.

పాస్టరు ఏదో అనబోయారు. ఆదెమ్మ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. "అడగడం వరకే నా పని అయ్యగారూ. ఎప్పుడన్నది దాని ఇష్టం." ముప్పయ్యేళ్లలో మొదటిసారి, రొట్టె ముట్టకుండా పళ్లెం దయామణికి అందించింది. తర్వాత బోర్లపడిన బేసిన్ తెచ్చుకుని, కుండలోంచి మంచినీళ్లు పోసుకుని, కోడలి ఎడమకాలు ఒళ్లో పెట్టుకుంది.